వెనక అట్ట మీద కథ చెప్పేయకండి

నవలలు అచ్చువేసే ప్రచురణకర్తలకు, వాటి వెనక అట్ట మీద నాలుగు మాటలు రాసే సంపాదకులకు,

నమస్కారం.

కిందటి నెల ఒక నవల చదివాను. ఇల్లు వదిలి వెళ్ళిపోయిన పెద్దకొడుకు తిరిగొస్తాడా రాడా అని మూడొందల పేజీల పాటు ఇల్లంతా ఎదురుచూస్తుంది. తల్లి రోజూ రాత్రి తలుపు గడియ వేయబోతూ, గడియ మీద చెయ్యి పెట్టి, ఓ క్షణం ఆగుతుంది. ఏమీ అనదు. తర్వాత వేసేస్తుంది. రచయిత ఆ క్షణాన్ని నాలుగైదు చోట్ల రాశారు, ప్రతిసారీ ఒకటి రెండు మాటల తేడాతో. ఆవిడ చెయ్యి ఆగిన ప్రతిసారీ నా ఊపిరి కూడా ఆగాలి. ఆగలేదు. ఆ కొడుకు ఇక రాడని నాకు మొదటి రోజే తెలుసు. వెనక అట్ట మీద రెండో వాక్యంలోనే రాసి ఉంది.

పుస్తకం మూసేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. కోపం వచ్చింది. కోపం కంటే ఎక్కువగా బాధేసింది. నన్ను ఆ గడియ దగ్గర నిలబెట్టడానికి ఆ రచయిత ఎన్నాళ్ళు కష్టపడ్డారో! ఆ కష్టమంతా అట్ట మీది ఒక్క వాక్యంతో పోయింది. ఆ నవల పేరు, దాన్ని వేసినవాళ్ళ పేరు ఇక్కడ రాయను. ఇది ఒక్కరి తప్పు కాదు, చాలామంది చేస్తున్నదే. అందుకే మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

నేను రచయితను కాను, విమర్శకురాలినీ కాను. చదువుతాను, అంతే. రాత్రి పనులన్నీ అయ్యాక గంట, ఒక్కోసారి గంటన్నర. ఈ మధ్య ఎక్కువగా ఇప్పటి నవలలే చదువుతున్నాను, అందులోనూ చాలా భాగం అనువాదాలు. వాటిలో కొన్నిటి గురించి నాకు అనిపించింది ఇక్కడ చెప్తాను. ఏ నవల చివర ఏం జరుగుతుందో మాత్రం చెప్పను. అది చెప్పకుండానే ఒక నవలను చదవాలన్న ఆశ పుట్టించవచ్చని నా నమ్మకం. నా చేతనైనంతలో చేసి చూపిస్తాను.

క్లేర్ కీగన్ రాసిన 'స్మాల్ థింగ్స్ లైక్ దీజ్' 2021లో వచ్చింది. 116 పేజీలు. మరుసటి ఏడాది, 2022లో, ఇంగ్లీషు నవలలకిచ్చే బుకర్ బహుమతి తుది జాబితాకి కూడా వెళ్ళింది. ఐర్లండ్‌లో న్యూ రాస్ అనే ఊరు, 1985, క్రిస్మస్ ముందు రోజులు. బొగ్గు, కట్టెలు అమ్ముకునే బిల్ ఫర్లాంగ్, అతని భార్య, ఐదుగురు ఆడపిల్లలు. ఒక రోజు కాన్వెంటుకి బొగ్గు వేయడానికి వెళ్తాడు.

దీన్ని 'మాగ్డలీన్ లాండ్రీల గురించిన నవల' అని పరిచయం చేయడం చాలా తేలిక. అబద్ధం కూడా కాదు. పెళ్ళి కాకుండా తల్లులైనవాళ్ళనీ, ఇంకా ఎందరో ఆడపిల్లలనీ మఠాల్లో పెట్టి, జీతం లేకుండా బట్టలు ఉతికించారు. ఆ లాండ్రీల్లో చివరిది 1996లో గానీ మూతపడలేదు. ఐర్లండ్ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పడానికి 2013 రావాల్సి వచ్చింది. ప్రతి ఒక్కరూ తెలుసుకోవలసిన చరిత్ర ఇది. కానీ ఆ ఒక్క మాట ముందే తెలిసి పుస్తకం తెరిస్తే ఏమవుతుందో నాకు అనుభవమైంది. మొదటి పేజీలన్నీ "ఆ సంగతి ఎప్పుడొస్తుంది" అని వెతుక్కుంటూ చదివాను. ఫర్లాంగ్ చిన్నప్పటి క్రిస్మస్ ఒకటి ఉంటుంది అందులో. ఆ పిల్లాడికి జిగ్‌సా బొమ్మ కావాలి. దాని బదులు వేడినీళ్ళ సంచి వస్తుంది. ఎవరూ చూడకుండా పశువుల కొట్టంలోకి పోయి ఏడుస్తాడు. నేను ఆ పేజీ గబగబా దాటేశాను. అసలు విషయం ఇది కాదుగా అనుకున్నాను.

పుస్తకం అయిపోయాక తెలిసింది, అసలు విషయం అదేనని. వాడు తండ్రెవరో తెలియని పిల్లాడు, పనిమనిషి కొడుకు. ఆ ఇంటి యజమానురాలు తల్లినీ బిడ్డనీ బయటికి గెంటలేదు. అంతే. ఆ 'గెంటకపోవడం' ఒక మనిషిలో ముప్పై, నలభై ఏళ్ళు ఎలా ఉండిపోతుంది, అవసరమైన రోజున ఎలా పైకి వస్తుంది అన్నదే నవలంతా. నేను రెండోసారి మొదటి నుంచి చదువుకున్నాను. ఈసారి వేడినీళ్ళ సంచి దగ్గర ఆగాను. మొదటిసారే ఆగి ఉండవలసింది కదా అన్న బాధ మాత్రం పోలేదు. కీగన్ ఎక్కడ ఆపాలో సరిగ్గా అక్కడ ఆపారు. వారం రోజుల పాటు ఫర్లాంగ్ భార్య ఐలీన్ ఏమని ఉంటుందా అని ఆలోచిస్తూ తిరిగాను.

కన్నడంలో వివేక్ శానభాగ రాసిన 'ఘాచర్ ఘోచర్' కూడా చిన్న నవలే. నాకు కన్నడం చదవడం రాదు. శ్రీనాథ్ పేరూర్ చేసిన ఇంగ్లీషు అనువాదం చదివాను. బెంగళూరులో ఒక ఉమ్మడి కుటుంబం. ఇరుకింట్లో లెక్కబెట్టుకుంటూ బతికినవాళ్ళు. బాబాయి మసాలాల వ్యాపారం పెట్టాక చేతిలో డబ్బు ఆడుతుంది. కథ చెప్పే అతను ఏ పనీ చేయడు, కాఫీ హౌస్‌లో కూర్చుంటాడు. 'కొత్తగా వచ్చిన డబ్బు ఒక కుటుంబాన్ని ఎలా పాడుచేసిందో చెప్పే నవల' అని ఒక్క ముక్కలో తేల్చేయవచ్చు. తేల్చేస్తే చీమలు పోతాయి.

చీమల గురించి కొంచెం చెప్పాలి. ఆ పాత ఇంట్లో చీమల బెడద. ఎటు నుంచి వస్తాయో తెలియదు, ఎంత తుడిచినా పోవు. తల్లీ కూతురూ వాటి మీద పగబడతారు. కనిపించిన చీమనల్లా నలిపేస్తారు. రాను రాను అందులో ఒక కసి, ఒక తృప్తి. చదువుతున్నప్పుడు మనకేమీ తేడాగా అనిపించదు. ఇల్లన్నాక చీమలుంటాయి, చీమలన్నాక నలుపుతాం. కథ అలా తేలిగ్గా, దాదాపు సరదాగా నడుస్తూ ఉంటుంది. నూరు పేజీలు దాటాక, ఎవరూ గొంతు పెంచకుండా ఇంట్లోవాళ్ళంతా ఏదో మామూలు విషయం మాట్లాడుకుంటుంటే, ఉన్నట్టుండి నాకు ఆ నలిపే వేలు గుర్తొచ్చింది. వెన్నులో చలి పుట్టింది. రచయిత అక్కడ చీమ పేరు ఎత్తనే లేదు. నాకై నేనే గుర్తు తెచ్చుకున్నాను. చదివేవాళ్ళకి నవల ఇవ్వగలిగిన దాంట్లో అంతకంటే పెద్దది నాకు తెలియదు. అట్ట మీద దురాశ, పతనం అనే మాటలు ముందే పెట్టేశారనుకోండి, ఆ చీమ మొదటి పేజీ నుంచే చీమలా కనిపించదు. దేనికో గుర్తులా కనిపిస్తుంది. అప్పుడు వేలు గుర్తొచ్చే క్షణం రాదు.

పేరు సంగతి కూడా అంతే. 'ఘాచర్ ఘోచర్' ఏ నిఘంటువులోనూ లేని మాట. కథ చెప్పే అతని భార్య పుట్టింట్లో, ఆ నలుగురి మధ్య పుట్టిన మాట. దారం విప్పలేనంతగా చిక్కుపడిపోతే అలా అంటారు. ఆమె ఆ మాట అతనికి చెప్పే సందర్భం ఎంతో ముద్దుగా ఉంటుంది. ఇద్దరికీ అప్పుడే పరిచయమవుతున్న దగ్గరితనం అది. పుస్తకం మూశాక అదే మాట భయపెడుతుంది. దాని అర్థం నేను ఇక్కడ చెప్పేయడం కూడా తప్పేమో అని ఒకటికి రెండుసార్లు ఆలోచించాను. మొదట్లోనే వస్తుంది గనక రాశాను.

హాన్ కాంగ్ 'ద వెజిటేరియన్' సంగతి ఇంకోలా ఉంది. కొరియన్‌లో 2007లో వచ్చింది. డెబొరా స్మిత్ ఇంగ్లీషు అనువాదానికి 2016లో, అనువాద పుస్తకాలకిచ్చే ఇంటర్నేషనల్ బుకర్ వచ్చింది. 2024లో హాన్ కాంగ్‌కి నోబెల్ వచ్చాక చాలామంది లాగే నేనూ అప్పుడు చేతిలోకి తీసుకున్నాను. యోంగ్-హె అనే ఆమె ఒక కల కని, మాంసం మానేస్తుంది. మూడు భాగాలు. మొదటిది భర్త చెప్తాడు. రెండోది ఆమె బావ వెంట నడుస్తుంది, మూడోది అక్క వెంట. తన సంగతి తాను చెప్పుకునే అవకాశం ఆమెకు కలల్లో తప్ప ఎక్కడా లేదు.

దీన్ని 'ఒక స్త్రీ తిరుగుబాటు' అని చెప్పడం నేను చాలాసార్లు విన్నాను. ఆ మాట చెవిలో పెట్టుకునే చదివాను కూడా. సగం దాకా అదే తిరుగుబాటు అనుకుంటూ వెళ్ళాను. తర్వాత ఎందుకో అనుమానం వచ్చింది. నవలలో అందరూ ఆమెకు ఏదో ఒక పేరు పెట్టాలనే చూస్తారు. భర్తకి ఆమె మొండిది, తండ్రికి మాట వినని కూతురు, బావకి ఇంకేదో, డాక్టర్లకి ఒక కేసు. తిరుగుబాటుదారు అని నేను పెట్టిన పేరు కూడా ఆ వరసలోదే కదా. అక్క ఒక్కతే ఏ పేరూ పెట్టలేక, ఆమె మంచం పక్కన కూర్చుంటుంది. రెండో భాగం చదవడం నాకు కష్టమైంది, రెండుసార్లు పక్కన పెట్టేశాను. మూడో భాగం కోసం మళ్ళీ అందుకున్నందుకు ఇప్పుడు సంతోషంగా ఉంది. ఈ నవల వెనక అట్ట మీద నన్ను రాయమంటే ఒక్కటే వాక్యం రాస్తాను: "ఒక రాత్రి ఆమెకు కల వచ్చింది." ఆ తర్వాత ఖాళీ.

పాల్ లించ్ 'ప్రాఫెట్ సాంగ్' 2023 బుకర్ గెలిచింది. ఐర్లండ్ నియంతృత్వంలోకి జారిపోతే ఎలా ఉంటుందన్న ఊహ. ఈ ఒక్కసారి మీ పక్షాన ఒప్పుకుంటాను, ఆ ముక్క అట్ట మీద చెప్పక తప్పదు. కానీ నన్ను పట్టుకున్నది ఆ ఊహ కాదు, అచ్చు. పేరాలు విడగొట్టలేదు. సంభాషణలకు కొటేషన్ గుర్తులు లేవు. మొదట విసుగొచ్చింది, కళ్ళు ఆనడానికి చోటు లేదు. వాన పడుతున్న సాయంత్రం ఐలీష్ స్టాక్ ఇంటి తలుపు తట్టి ఇద్దరు పోలీసులు ఆమె భర్త గురించి అడుగుతారు. ఆ తర్వాత ఆమెకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. నలుగురు పిల్లలు, మతిమరుపు తండ్రి, ఉద్యోగం. ఒక యాభై పేజీలయ్యాక నాకు తట్టింది, ఆమెకు లేని విరామం నాకు మాత్రం ఎందుకు ఉండాలి? అప్పటి నుంచి విసుగు పోయింది. టెన్షన్ మిగిలింది. ఉపమానాలు మాత్రం ఎక్కువైపోయాయి. ఒక్కోచోట వాక్యం అందంగా ఉండాలన్న ఆరాటం ఆమె భయానికి అడ్డం వచ్చింది. ఇది నా అభిప్రాయం.

సమంతా హార్వీ 'ఆర్బిటల్' దీనికి పూర్తిగా వేరు. 2024 బుకర్, 136 పేజీలు. అంతరిక్ష కేంద్రంలో ఆరుగురు, ఒకే ఒక్క రోజు. ఆ రోజులో వాళ్ళు భూమి చుట్టూ 16 సార్లు తిరుగుతారు, 16 సూర్యోదయాలు చూస్తారు. కథ అంటూ పెద్దగా ఏమీ లేదు. ముందే చెప్పేసి పాడుచేయడానికి వీల్లేని నవల! మొదటి రెండు రాత్రులూ నిద్రపోయాను. మూడో రాత్రి ఒక చోట లేచి కూర్చున్నాను. వాళ్ళలో ఒకామెకు తల్లి చనిపోయిందని కింద నుంచి కబురు వస్తుంది. వెళ్ళడానికి వీల్లేదు. ఏ నేల మీద తల్లి ఉండేదో ఆ నేల చుట్టూ గంటన్నరకోసారి తిరుగుతూనే ఉండాలి. అందులో కన్నీళ్ళేమీ లేవు. రోజువారీ పనులు చేసుకుంటూ ఉంటుంది. ఇలాంటి పుస్తకం అట్టకి 'అద్భుతం', 'మహాద్భుతం' అని పదిమంది ప్రముఖుల మాటలు అతికిస్తే ఏం లాభం? ఆ మాటలు ఏ పుస్తకానికైనా సరిపోతాయి. ఆ ఆరుగురిలో ఒకరి గురించి రెండు వాక్యాలు ఇస్తే నేను మొదటి రాత్రే మేలుకుని ఉండేదాన్ని.

ఇక అనువాదకుల మాట. ఇది లేకుండా ఈ ఉత్తరం ముగించలేను.

గీతాంజలి శ్రీ 'రేత్ సమాధి' హిందీలో 2018లో వచ్చింది. డెయిజీ రాక్‌వెల్ దాన్ని 'టూంబ్ ఆఫ్ శాండ్' పేరుతో ఇంగ్లీషులోకి తెచ్చారు. 2022లో ఇంటర్నేషనల్ బుకర్ వచ్చింది, భారతీయ భాషల నుంచి ఆ బహుమతి అందుకున్న మొదటి పుస్తకం. భర్త పోయాక ఎనభై ఏళ్ళ అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంటుంది. లేవనంటుంది. ఎవరు పిలిచినా లేవదు. పేజీలకు పేజీలు ఆ వీపే మనకు కనిపిస్తుంది. నాకు హిందీ కాస్త వచ్చు కాబట్టి రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. హిందీలో ఆమె 'నహీ, లేవను' అంటూ అంటూ, ఆ 'నహీ' నలిగి నలిగి 'నయీ' అవుతుంది. లేవనన్న మనిషి కొత్తగా లేస్తానన్నట్టు మారుతుంది, ఒక్క అక్షరం జారడంతో. దీన్ని ఇంకో భాషలోకి ఎలా తేవాలి? రాక్‌వెల్ ఇంగ్లీషు 'నో'ని సాగదీసి, వంచి, 'న్యూ' దాకా లాక్కొచ్చారు. ఆ పేజీ మీద వేలు పెట్టుకుని చాలాసేపు ఉండిపోయాను. మధ్యలో కాకుల దగ్గర నవల నాకు కాస్త సాగినట్టనిపించింది. ఆ అమ్మ తర్వాత ఏం చేస్తుందో ముందే తెలిసి ఉంటే, ఆ గోడ ముందు అన్ని పేజీలు కూర్చునే ఓపిక నాకు ఉండేది కాదు.

'నో' నుంచి 'న్యూ' దాకా నడిచిన మనిషి పేరు ముందు అట్ట మీద ఉండాలా వద్దా? ఇంటర్నేషనల్ బుకర్ వాళ్ళు 2016 నుంచి 50,000 పౌండ్ల బహుమతిని రచయితకీ అనువాదకులకీ సగం సగం పంచుతున్నారు. పోలిష్ రచయిత్రి ఓల్గా తొకార్చుక్‌ని ఇంగ్లీషులోకి తెచ్చిన జెన్నిఫర్ క్రాఫ్ట్, రచయిత మార్క్ హాడన్‌తో కలిసి 2021లో ఒక బహిరంగ లేఖే రాశారు, అనువాదకుల పేరు అట్ట మీద వేయమని. అట్ట మీద తన పేరు లేకపోతే ఇక అనువాదం చేయనని కూడా ఆమె చెప్పారు. అయినా ఇప్పటికీ ఆ పేరు కోసం మూడో పేజీలో చిన్నక్షరాల్లో వెతుక్కోవాల్సిన పుస్తకాలు నా చేతికి వస్తూనే ఉన్నాయి. 'ద వెజిటేరియన్' అనువాదం మూలానికి ఎంత దగ్గరగా ఉందన్న దాని మీద పెద్ద వాదనే నడిచింది. తప్పులెంచడానికి ఆ పేరు అందరికీ గుర్తొచ్చింది కదా, అట్ట మీద అచ్చువేయడానికి కూడా గుర్తు రావాలి.

మీ ఇబ్బంది నాకు తెలియనిది కాదు. పుస్తకాలు వేలల్లో వస్తుంటాయి. చేతిలోకి తీసుకున్నవాళ్ళు వెనక్కి తిప్పి చూసేది అర నిమిషం. ఆ అర నిమిషంలో ఏదో ఒకటి చెప్పకపోతే పుస్తకం మళ్ళీ అరలోకి వెళ్ళిపోతుంది. విషయం పేరు చెప్తే వెంటనే పట్టుకుంటారని మీ లెక్క. యుద్ధం, వలస, అణచివేత, మతిమరుపు జబ్బు. నేనూ అలా పట్టుకున్నదాన్నే. కానీ అలా కొన్న పుస్తకాలను నేను పాఠంలా చదివాను, మార్కుల కోసం చదివే పిల్లల్లా, ముఖ్యమైనది ఎక్కడుందా అని వెతుక్కుంటూ. అందువల్ల పోగొట్టుకున్నవే వేడినీళ్ళ సంచి లాంటివి.

ఆ అర నిమిషాన్ని రచయితకే ఇవ్వండి. మొదటి పేజీలోంచి ఒక పేరా తీసి వెనక అట్ట మీద వేయండి. ఆ గొంతు నచ్చితే కొంటాం, నచ్చకపోతే ఎన్ని విశేషణాలు వేసినా కొనం. కథ కొంత చెప్పి తీరాలనుకుంటే మొదటి పాతిక పేజీలు దాటకండి. మనిషి ఎవరు, ఎక్కడున్నారు, ఏ చిక్కు మొదలైంది, అక్కడ ఆపండి. చావులు చెప్పకండి. తిరిగి రానివాళ్ళు తిరిగి రారని చెప్పకండి. నేపథ్యం తెలియకపోతే నవల అర్థం కాదనిపిస్తే, ఆ చరిత్రను పుస్తకం చివర నాలుగు పేజీల్లో ఇవ్వండి. చదివి కదిలిపోయిన మనసుతో ఆ నాలుగు పేజీలూ ఎంత శ్రద్ధగా చదువుకుంటామో మీరే చూస్తారు. మాగ్డలీన్ లాండ్రీల గురించి నేను అలాగే తెలుసుకున్నాను, రెండోసారి చదివాక, రాత్రి ఒంటిగంట దాటే దాకా కూర్చుని.

పెద్ద రచయితల నవలలకు ముందే రాసే విశ్లేషణలున్నాయే, 'ముందుమాట' పేరుతో పాతిక పేజీలు, వాటిని కూడా దయచేసి వెనక్కి జరపండి. ముందుమాట అంటే ముందు చదవాలి కాబోలు అనుకుని చదివేస్తాం. అందులో ఆఖరి దృశ్యం గురించి పెద్ద చర్చ ఉంటుంది.

ఇప్పుడు నా బల్ల మీద ఒక కొత్త నవల ఉంది. తెలిసినవాళ్ళు బాగుందన్నారు, అంతకంటే ఏమీ చెప్పొద్దన్నాను. ఇంటికి తెచ్చిన రోజే మా చెల్లెలి చేతికిచ్చి, నేను చూడకుండా కాగితంతో అట్ట వేయించాను. ముందుమాట పేజీలు కలిపి క్లిప్పు పెట్టించాను. అది దేని గురించో నాకింకా తెలియదు. నలభయ్యో పేజీలో ఉన్నాను. ఒక ముసలాయన గోడ గడియారాన్ని కిందికి దించి, ముల్లులు తుడిచి, మళ్ళీ మేకుకి తగిలించకుండా నేల మీదే ఉంచేశాడు. ఎందుకో తెలియదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు